అడుగుకి అంగుళం

పగలంతా పళ్ళు చేస్తాను.
కొర్లగుంట సందులో, మెట్ల కింద గది.
మైనం, సున్నపు అచ్చులు, గులాబిరంగు చిగుళ్ళు,
పేర్లు రాసిన పెట్టెల్లో
ఎవరెవరివో నోళ్ళు.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
అదే దీపం కింద, అవే పనిముట్లతో
కుమ్మరిసాల కడతాను.
అడుగుకి అంగుళం లెక్క.
పద్దెనిమిది అడుగుల సాల
నా బల్ల మీద రెండు జానలు.

సారెకి, ఆగిపోయిన గోడగడియారంలోని చక్రం
(అక్కడా పళ్ళే, నా రాత అది).
సారెకట్టెకి చీపురుపుల్ల.
పెన్ను మీద వంచి ఆరబెట్టిన నాటుపెంకులు
వెయ్యిన్ని నలభై.
గోడకి కొట్టిన పిడకలు కాఫీ పిప్పివి,
ఒక్కో పిడక మీదా ఐదువేళ్ళ అచ్చు, సూదిమొనతో.
మట్టి మాత్రం పలమనేరు నించి తెప్పించాను,
బస్సులో, పాత హార్లిక్సు సీసాలో.
పంచెగుడ్డలో వడగట్టి
ఉసిరికాయంత కడవలు,
బఠాణీగింజంత మూతలు
పింగాణీ పళ్ళు కాల్చే కొలిమిలో కాల్చాను.

కింది వరస పళ్ళకి కుప్పమ్మ వచ్చింది.
అచ్చుపిండి నోట్లో బిగిసేదాకా
మూడు నిమిషాలు మాటాడకూడదు.
కళ్ళు మాత్రం నా బల్ల మీదే తిరిగాయి.
పిండి ఊడదీయగానే, ఉమ్మైనా వేయక ముందే,
"ఇది ఎవురి సాల సామీ?"
ఎవరిదీ కాదు, ఊరికే చేసినా.
"అదే అనుకుంటి. ఎవురూ పని చేసినట్టు లేదే!
సారె తిరిగితే గోడకి బురద ఎగరదా?
కూసునే తావున నేల గుంట పడదా?
ఆవం దించితే పదిట్లో రెండన్నా పగలవా?
నీ ఆవంలో అన్నీ మంచివే వస్తే
మా కుండలూ నువ్వే కాల్చు సామీ!"
బోసినోటితో పగలబడి నవ్వింది.
ముప్పై ఏళ్ళు సారె తిప్పిన చేయంట.

ఆ రాత్రి పళ్ళు తోమే బ్రష్షు బురదలో ముంచి
గోడ మీదికి చిమ్మాను.
సారె పక్కన బొటనవేలితో నేలని నొక్కాను.
కొవ్వొత్తి పొగ ఆవం నోటికి పట్టాను.
పగలగొట్టడమే చేతకాలేదు.
నాలుగు రాత్రుల కడవ అది.
చివరికి కళ్ళు మూసుకుని కొడితే
బిస్కెట్టులా రెండు ముక్కలైంది, అంతే.
చిన్నవి పెద్దవాటిలా పగలవు.
అయిదో కడవకి గాని
నిజమైన పెంకు రాలేదు.
ఆ పెంకు మీద నా వేలిముద్ర
దున్నిన చేనులా కనబడింది.
చెరపబోయి, ఎందుకో ఆగాను.

వారం తర్వాత
మైనం మీద పేర్చిన పళ్ళు పెట్టి అద్దం ఇచ్చాను.
అటు తిరిగి, ఇటు తిరిగి
"ఇవి ఎవురి పళ్ళు సామీ?" అంది.
నీవే.
"నావి ఇట్ల బడిపిలకాయల మాదిరి నిలబడవు.
ఈడ ఒకటి పక్కదాని మీదికి ఎక్కి ఉండేది.
దాన్ని చూసే మా ఆయన నన్ను గుర్తుపట్టేది, తిరణాళ్ళో."

మైనం వేడిచేసి
పన్నుని వెంట్రుకవాసి తిప్పుతున్నాను.
ఆమె బల్ల మీదికి వంగి
బురద చూసింది, గుంట చూసింది,
పెంకుని గోటితో అటు జరిపింది.
"తాగేనీళ్ళ కడవ యాడ?"
వరసలోంచి మంచిది ఒకటి తీసి సారె దగ్గర పెట్టబోతే
చేయి పట్టుకుంది.
"అది అమ్మేది సామీ.
కుమ్మరోళ్ళు తాగేది సొట్టదాంట్లోనే."

డ్రాయరు తెరిచాను.
అన్నిటికన్నా ముందు చేసిన కడవ,
ఒక పక్కకి ఒరిగి, మెడ వాలిపోయి,
ఎవరికీ చూపించకుండా
దూదిలో చుట్టిపెట్టింది.